గోల్కొండ పేరిట ఒక విడిది

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము, క్రొత్త పోకడల కట్టడముగల ఒక అతిథిగృహము. ఈ మాట చెవిని పడినంతనే మా పడమటి నెల్లూరి శ్రోతలు నవ్వుకొందురని నేనెరుగుదును. ఉదయగిరిలోగాని ఆత్మకూరులోగాని అట్టిదెక్కడ నున్నదని వారడుగుదురు. లేదు. బస్సు దిగినవాడు రాత్రికి తల దాచుకొనుటకు లాడ్జీలున్నవి. అధికారులకు బంగళాలున్నవి. పెండ్లివారికి కళ్యాణమండపములున్నవి. మా ఎండను, మా గాలిని, మా రాతిని తలపోసి ఒక శిల్పి గీచిన విడిది మాత్రము నాకు కనబడలేదు. లేనిదానినిగూర్చి ఇరువది నిమిషములు మాటలాడుట వక్తకు చెల్లునేమో గాని వినువారికి చెల్లదు. కావున ఉన్నదానిని గూర్చియే చెప్పెదను. అది మా జిల్లాలో లేదు, మన రాష్ట్రమునందును లేదు. కాని దాని పేరు మన పేరు. దానికి ముట్టిన ధనము హైదరాబాదునుండి వెళ్ళినది. దాని నేలకు పరచిన నల్లరాయి మాకు పొరుగైన కడప సీమ పేరు మోయుచున్నది. పుదుచ్చేరిలోని ఆ కట్టడమును గోల్కొండ అందురు. ఫ్రెంచివారి పలుకుబడిని అనుసరించి గోల్కోండ్ అనుట వాడుక.

ఈ ప్రసంగమునకు నన్ను పురికొల్పిన సందర్భమును కూడ దాచను. ఆత్మకూరునుండి ఉదయగిరికి పోవు బాటప్రక్కన నా మేనల్లునకు తండ్రి విడిచిన భూమి రెండెకరములున్నది. నెల్లూరునుండి ఆత్మకూరు మీదుగా బద్వేలు పోవు రాజబాట బాగుపడిన పిదప బండ్ల రాకపోకలు హెచ్చినవి. సోమశిల జలాశయమును చూడ వచ్చువారు, ఉదయగిరి దుర్గము నెక్క వచ్చువారు, పెండ్లిండ్లకు వచ్చువారు ఎక్కడ దిగుదురు? ఇది వాని ఆలోచన. మంచి ఆలోచనయే. ఆ భూమిలో సగము తనఖా పెట్టి హోటలు కట్ట నిశ్చయించుకొని, నగరమునుండి గీయించి తెచ్చిన పటమును నా ముందు పరచెను. 4 అంతస్తులు, 30 గదులు. బాటవైపు, అనగా పడమటివైపు, నేల మొదలు కప్పుదాక నీలపు గాజు.

"మామా, నువ్వు కోట చరిత్రంతా చదివినోడివి. దీనికి ఒక మంచి పేరు పెట్టు. అంతే, ఇంకేం అడగను" అనెను.

నేను పేరు చెప్పుటకు మారుగా, "ఈ కిటికీలు ఎట్లా తెరుస్తార్రా?" అని అడిగితిని.

"తెరవరు మామా. ఏసీ ఉంటుంది గదా."

ఆ మాటతో నాకొక రాత్రి జ్ఞప్తికి వచ్చినది. కొన్ని ఏండ్ల క్రిందట వైశాఖమాసమున ఒక పట్టణములో, పేరెందుకు లెండి, ఇట్టి గాజుమేడలో దిగితిని. సాయంకాలము నాలుగింటికి విద్యుత్తు పోయినది. యంత్రము తిరుగలేదు. గాజు తెరచుకొనదు. పగలెల్ల పడమటి ఎండను త్రాగిన ఆ గోడ రాత్రి పదింటివరకును దానిని గదిలోనికి క్రక్కుచునే యున్నది. నేను పరుపును వరండాలోనికి ఈడ్చుకొందునన్న, వరండా అనునది ఆ ఇంట లేదు. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుండి తెల్లవార్చితిని. నా ప్రక్కన అదే ఇంటి కావలివాడు హాయిగా నిదురించుచుండెను. అతడు పరుండినది వేపచెట్టు క్రింద.

మన పూర్వులకు బాటసారిని ఎట్లు దింపవలెనో తెలియదా? తెలియకేమి! కాకతీయుల ఓరుగల్లులో రూకకు భోజనము పెట్టు పూటకూళ్ళ ఇల్లు ఎట్లుండెనో క్రీడాభిరామము చెప్పుచున్నది. వెల పుచ్చుకొని అన్నము పెట్టుట మనకు క్రొత్త కాదనుటకు ఆ ఒక్క సాక్ష్యము చాలును. ఇక వెల లేని విడుదులు, అనగా సత్రములు, చావడులు, మఠములు, వీనికి లెక్క లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మదరాసునుండి కాశికి బయలుదేరి, 1831లో తిరిగివచ్చి వ్రాసిన యాత్రాచరిత్రను చూడుడు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎచ్చట సత్రమున్నది, ఎచ్చట అంగళ్ళున్నవి, ఎచ్చట గుడారము వేసికొనక తప్పదు అనునది వారు పూటపూటకు గుర్తు పెట్టిరి. నేడు హోటలులో దిగినవారు మరునాడు వ్రాయు మెప్పులకును తెగడ్తలకును అది తాతవంటి గ్రంథము. అభిప్రాయములలో మాత్రము వారికి నిదానమెక్కువ.

అయినను ఆతిథ్యమును గూర్చి నాకు మిక్కిలి ఇష్టమైన తెలుగు గ్రంథము వేరొకటి కలదు. అది ఆముక్తమాల్యద. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వచ్చినవారికెల్ల అన్నము పెట్టును. అది ఏ కావ్యములోనైనను ఉండదగినదే. ఇందలి విశేషమేమనగా, ఋతువునుబట్టి ఆ గృహస్థుని వంట మారును. వానకాలమున కట్టెలు తడిసి మండవు గనుక టెంకాయచిప్పలతో పొయ్యి రాజవేయును. వేసవిలో చలువచేయు పదార్థములు వడ్డించును. చలికాలమున వేడివేడి కూరలు, మిరియపు ఘాటు. వచ్చినవాని ఒడలికి ఏ కాలమున ఏది హితమో ఎరిగి పెట్టుటయే ఆ ఇంటివాని గొప్ప. ఈ మర్మమును పట్టుకొన్న కవి ఎవరు? మా ఉదయగిరిని ముట్టడించిన కృష్ణదేవరాయలే.

ఆ ముట్టడి 1513లో మొదలై 1514లో ముగిసినది. ఇంచుమించు ఏడాదిన్నర. గజపతులకు దక్షిణపు తాళము వంటిది ఈ దుర్గము. సముద్రమట్టమునకు 3,079 అడుగుల ఎత్తున నిలిచిన కొండ, ఒక వైపు నిట్టనిలువు కొమ్ము. రాయలు బండలు పగులగొట్టించి దారులు వెడల్పు చేయించి గాని కోటను సమీపింపలేకపోయెనని ఆ కాలపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిపెట్టినాడు. కడపట ప్రతాపరుద్ర గజపతికి పినతండ్రియైన తిరుమల రౌతరాయడు పట్టుబడెను. రాయలు ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. హంపిలోని కృష్ణాలయమదియే. ఆలయము పాడైన పిమ్మట ఆ విగ్రహము చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలకు చేరినది. మా ఊరి పిల్లవాడు పొరుగూర్లలోనే పెరిగి పెద్దవాడైనాడని మా పెద్దలు వేళాకోళమునకు అనుచుండెడివారు.

ఏడాదిన్నర గుడారములలో గడపినవాడు విడిదిని గూర్చి కొంత నేర్చుకొనియుండును గదా! ఉదయగిరి పదునైదవ అక్షాంశమునకు చేరువ. ఏప్రిల్ కడపట సూర్యుడు సరిగా మా నడినెత్తిన నిలుచును. అప్పుడు కొండరాయి రాత్రి చాలసేపటివరకు పొయ్యిమీది పెనమువలె ఉండును. కళింగ దండయాత్రలోనే ఆముక్తమాల్యద వ్రాయు సంకల్పము రాయలకు కలిగినదని ఆ గ్రంథమే చెప్పుచున్నది. అందలి గ్రీష్మవర్ణన చదువునపుడెల్ల ఆ వేడి కొంత మాదేనని నాకు తోచును. ఇది చరిత్ర కాదు, నా ఊరిమీది అభిమానము. శ్రోతలు మన్నింతురుగాక.

గోల్కొండ పేరు మా ఊరికి వచ్చినది 1579లో. ఆ ఏట కుతుబ్‌షాహీల సైన్యము ఉదయగిరిని పట్టుకొనినది. అప్పటి సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా, తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలిచినవాడు. కొండమీద ఎనిమిది, క్రింద అయిదు, మొత్తము 13 దుర్గములని లెక్క చెప్పబడు ఈ స్థలము ఆ పిమ్మట ఎన్నో చేతులు మారినది. నవాబుల కాలమున ముస్తఫా అలీఖాను వంశమువారికి జాగీరైనది. 1839లో అబ్బాస్ అలీఖాను కుంపిణీవారిపై కుట్ర చేసెనన్న నేరముమీద చెంగల్పట్టునకు పంపివేయబడుటతో జాగీరును ముగిసినది. కొండకొననున్న మసీదులోని పారసీక శాసనములలో నాకు ఇష్టమైన సంగతి ఒకటున్నది. షేక్ హుసేను అనునతడు ఆ మసీదు కట్టించుటయే గాక తోట కూడ నాటించెనట. అంత ఎత్తున, ఆ రాతిమీద, తోట! ప్రార్థనకు వచ్చినవానికి నీడ కూడ కావలెనని ఆయనకు తోచినది. నేటి పటములలో ముందుగా కొట్టివేయబడునది ఈ తోటయే. వాహనములు నిలుపుటకు చోటు చాలదని.

ఇక పుదుచ్చేరి గోల్కొండ కథకు వత్తును. ఈ కథ మొదట జపానునుండి ఎత్తుకొనవలెను, అందులోను ఒక హోటలునుండి. అమెరికా దేశపు సుప్రసిద్ధశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోకియోలో ఇంపీరియల్ హోటలును కట్టుచు, తనకు సహాయముగా ఆంటొనిన్ రేమండ్ అను యువకుని వెంటబెట్టుకొని వెళ్ళెను. రేమండ్ 1888లో నేటి చెక్ దేశములోని క్లాడ్నోలో పుట్టినవాడు. ఆ హోటలు ప్రారంభోత్సవము 1923 సెప్టెంబరు 1వ తేదీన. ఆనాడే టోకియో నగరమును నేలమట్టము చేసిన మహాభూకంపము వచ్చినది. హోటలు నిలిచినది. నిలిచిన ఆ హోటలును మనుష్యులే 1968లో పడగొట్టిరి. దాని ముఖభాగము మాత్రము మెయిజీమురా అను చోట తిరిగి నిలుపబడినది. రేమండ్ ఆ భూకంపమునకు ముందే రైట్‌ను విడిచి, టోకియోలోనే సొంత కార్యాలయము పెట్టుకొని, ఉక్కు కూర్చిన కాంక్రీటుతో ఆభరణములులేని ఇండ్లు కట్టనారంభించెను. రైట్ పోకడ అలంకారబహుళము. శిష్యునకది రుచింపలేదు. జపాను వడ్రంగి ఇండ్లలోని నిరాడంబరతను అతడు నేర్చుకొనెను.

పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమమునకు సాధకుల సంఖ్య పెరిగి వసతి చాలకపోయినది. ఆశ్రమవాసియై పవిత్ర అను పేరు గ్రహించిన ఫ్రెంచి ఇంజినీరు ఫిలిప్ బార్బియె సెంతిలేర్ ఒకప్పుడు జపానులో నివసించినవాడు, రేమండును ఎరిగినవాడు. కబురు అటు వెళ్ళినది. ధనమెట్లు? అప్పటి హైదరాబాదు ప్రభుత్వములో ప్రముఖుడు, 1937లో ప్రధానమంత్రియైన సర్ అక్బర్ హైదరీ ఆశ్రమముపై ఆదరముగలవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనమునకును, అజంతా చిత్రముల సంరక్షణమునకును పాటుపడిన హైదరీయే ఇతడు. ఆయన మూలమున నైజాము ప్రభుత్వమునుండి లక్ష రూపాయల విరాళము ముట్టినది. ఆ కృతజ్ఞతతో శ్రీమాత ఆ కట్టడమునకు గోల్కొండ అని పేరు పెట్టిరి. పశ్చిమ భాషలలో గోల్కొండ అనగా తరుగని సిరిగనియని వాడుక. వజ్రములు దొరకినది కృష్ణాతీరపు కొల్లూరు మొదలగు గనులలో. అమ్మకమైనది గోల్కొండలో. పేరు అంగడికే దక్కినది, గనికి దక్కలేదు. ఇది మన దేశములో సాధారణమే.

పటములు 1930ల నడుమ టోకియోలో సిద్ధమైనవి. పనిని నడుపుటకు రేమండ్ తన కార్యాలయములోని జార్జి నకషిమా అను వానిని పంపెను. ఇతడు అమెరికాలో పుట్టిన జపాను సంతతివాడు. కొంత వెనుకగా ఫ్రాన్స్వా సామెర్ అను చెక్ దేశీయుడు వచ్చి చేరెను. ఇతడు లె కార్బూజియె వద్ద పనిచేసినవాడు. రేమండ్ 1938లో సకుటుంబముగా వచ్చి కొన్ని మాసములుండెను. కూలివారితోపాటు సాధకులు కూడ కాంక్రీటు కలిపిరి, తట్టలు మోసిరి. గడియలు, మడతబందులు మొదలగు ఇత్తడి సామాను అచ్చటి కార్ఖానాలోనే చేసికొనిరి. నడుమ ప్రపంచయుద్ధము వచ్చి పడినది. పని పూర్తియగుటకు 1940ల దశకము కొంత గడచినది. చండీగఢ్ అను నగరము అప్పటికింకను ఎవరి తలపులోను లేదు. భారతదేశములో నవీన వాస్తుపద్ధతిని కాంక్రీటుతో సాధించిన తొలి కట్టడములలో దీనిని లెక్కించుట అందుచేతనే.

దానిని నేను చూచిన దినము చిత్రమైనది. అది అనుమతి పొంది చూడవలసిన చోటు. హోటలు కాదు, ఆశ్రమవిడిది. పాదరక్షలు విప్పి లోనికి పోయినంతనే చల్లదనము అరికాలికి తగిలినది. నునుపుచేసిన కడపరాయి. మా ఇండ్లలో పెరటి గట్టుకును, అలమరల అరలకును వాడు ఆ రాతినే వారు మెరుగుపెట్టి అద్దము చేసిరి. ముందు నాకు కొంత సిగ్గు కలిగినది. ఆ రాయి ఎంత అందమైనదో తెలిసికొనుటకు నేను పుదుచ్చేరిదాక పోవలసివచ్చినది.

కట్టడపు పొడుగు వైపులు రెండును ఉత్తర దక్షిణములకు తిరిగియున్నవి. ప్రొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి గోడల నడుమదాక చొచ్చును గదా. ఆ తూర్పు పడమరలకు ఎదురుగానున్నవి పొట్టి గోడలు మాత్రమే. ఉత్తరపు వైపున నడవ, దక్షిణపు వైపున గదుల వరుస. ఈ రెండు పొడుగు ముఖములకును గోడ అనునదియే లేదు. నేలబారుగా అమర్చిన పలకలు, వరుసమీద వరుస, ఇంటి ఎత్తునకెల్ల ఉన్నవి. గదిలోనున్నవాడు చేతితో పిడి త్రిప్పిన ఆ పలకలు ఒక్కమారుగా తెరచుకొనును, లేదా మూసికొనును. గాలి కావలెనన్న గాలి. వాన వచ్చిన మూత. వెలుతురు కొంచెము చాలునన్న కొంచెమే. గదికిని నడవకును నడుమ టేకు పట్టీల జరుపుడు తలుపు. అది మూసినను గాలి పట్టీల సందులనుండి పోవును, చూపు మాత్రము పోదు. పైకప్పు రెండు పొరలది. క్రింద చదునైన కప్పు, దానిమీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, నడుమ గాలి. ఎండ పెంకులను కాల్చును గాని ఆ వేడి గాలిపొరను దాటి గదిలోనికి దిగుట కష్టము. ఇంటికి ఇరువైపుల తోటలు. సుమారు 50 గదులలో ఒక్కొక్కదానిలోను మంచము, బల్ల, కుర్చీ, అలమర. అన్నియు టేకువి, అన్నియు ఆ ఇంటికొరకే గీచినవి. గోడకు పటము లేదు. బంగారు నీటి చారయైనను లేదు. నేను కొంతసేపు కూర్చుంటిని. శ్రోతలారా, చెమట ఆరిపోయిన సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది.

లోపమును కూడ చెప్పవలెను. ఆ పలకలు ఆస్బెస్టాసు కలిసిన సిమెంటువి. ఆ కాలమున అది లోకమంతట మెచ్చుకొన్న వస్తువు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తరువాతి వైద్యులు తేల్చిరి. ఉపాయము పాతబడలేదు. వస్తువు పాతబడినది. నేడు ఎవరైనను అట్టి పలకలు చేయించుకొన్న కొయ్యతోనో లోహముతోనో చేయించుకొనవలెను.

నకషిమా విషయమొకటి చెప్పక ముందుకు పోలేను. శ్రీ అరవిందులవలన సుందరానంద అను పేరు పొంది, కొన్నాళ్ళు ఆశ్రమవాసిగనే ఉండి, 1939లో అతడు వెళ్ళిపోయెను. యుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము తన పడమటి తీరమందలి జపాను సంతతివారిని నిర్బంధ శిబిరములకు తోలినపుడు 1942లో ఇతనిని కూడ భార్యాబిడ్డలతో ఐడహోలోని మినిడోకా శిబిరములో ఉంచినది. ఆ చెరలో గెంటారో హికొగావా అను జపాను వడ్రంగివద్ద కొయ్యపని మర్మములు నేర్చుకొనెను. 1943లో రేమండే పూచీపడి విడిపించి తన పొలమునకు పిలిపించుకొనెను. తరువాత నకషిమా చేసిన బల్లలు, కుర్చీలు జగత్ప్రసిద్ధములైనవి. చెట్టు పలకలోని బీటను గూడ దాచక, సీతాకోకచిలుక ఆకారపు బిళ్ళతో కుట్టినట్లు బిగించి, అందముగా నిలుపుట అతని రీతి.

అతని గూర్చి చదువునపుడు నాకు మా ఉదయగిరి కొయ్యగరిటెలు జ్ఞప్తికి వచ్చును. కొండ అడవిలోని కర్రతో గరిటెలు, చెంచాలు, ముళ్ళచెంచాలు చెక్కు కుటుంబములు మా ఊర ఉన్నవి. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. ఊరు దాటిన ఈ గరిటెలు దూరపు నగరముల బల్లలమీదికి పోవుచున్నవి. ఇచ్చటి లాడ్జిలో భోజనమునకు కూర్చున్నవానికి మాత్రము ఎక్కడనో అచ్చులో పోసిన ప్లాస్టికు చెంచా ఇత్తురు.

చిన్నదై, పొంకమై, ఒక్కొక్క గదియు ప్రత్యేకమైన హోటళ్ళను నేడు బుటీక్ హోటళ్ళనుచున్నారు. బుటీక్ అనగా ఫ్రెంచిలో అంగడి. 1984లో న్యూయార్కులో మోర్గన్స్ అను హోటలు తెరచినపుడు దాని యజమానులలో ఒకరగు స్టీవ్ రూబెల్, తక్కినవి సకలవస్తు విక్రయశాలలైన తమది చిన్న అంగడియని చెప్పుటతో ఈ పేరు వ్యాపించినది. మన వైపున హైదరాబాదులో హుస్సేన్‌సాగరమునకెదురుగా 2010లో తెరచిన పార్క్ హోటలును స్కిడ్మోర్, ఓవింగ్స్, మెరిల్ అను అమెరికా శిల్పుల సంస్థ గీచినది. దాని ముఖమునకు తొడిగిన చిల్లుల లోహపు తెర నిజాముల నగల పనితనమునుండి పుట్టినదని వారు చెప్పుదురు. ఆ తెర అలంకారము మాత్రమే కాదు, ఎండకు అడ్డము కూడ. ధనమున్నవారికి ఇట్టివి చెల్లును. మా బాటప్రక్క రెండెకరములకు ఏది చెల్లును?

ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటకే మేనల్లుని పుదుచ్చేరికి తీసికొనిపోతిని. వాడు పలకల పిడిని నాలుగుమార్లు త్రిప్పి చూచెను. బయటికి వచ్చిన పిదప అడిగెను: "బాగుంది మామా. కానీ మన వేసవిలో ఈ పలకలు తెరిస్తే లోపలికి వచ్చేది వడగాలి గదా?"

నేను సమాధానము చెప్పలేకపోతిని. వాడు చెప్పినది నిజము. పుదుచ్చేరిది సముద్రపుగాలి. తేమ ఎక్కువ, వేడి కొంత తక్కువ, గాలి ఆడుచున్నంతసేపు ప్రాణము సుఖించును. మాది పొడినేల. వైశాఖ జ్యేష్ఠములలో పట్టపగలు గాలి ఆడిన కొలది ఒడలు మండును. మా పెద్దలు అందుకే పగలు కిటికీలు మూసి, రాత్రి తెరచిరి. గోడలు మందముగా పెట్టి పగటివేడి లోపలికి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకునట్లు చేసిరి. మట్టిమిద్దె, లోతైన పంచ, నడుమ తొట్టికట్టు, పెరటిలో వేపచెట్టు, రాత్రికి మిద్దెమీద పడక. గోల్కొండను ఉన్నదున్నట్లు ఆత్మకూరునకు ఎత్తికొనివచ్చుట కూడ ఆ నీలిగాజును ఎత్తికొనివచ్చుట వంటి తప్పే. రేమండ్ జపానులో కట్టినదానిని పుదుచ్చేరిలో కట్టలేదు గదా. పుదుచ్చేరి సూర్యుని చూచి కట్టెను. గురువువద్ద ఇంత చదివి నేను గమనింపని ఈ సంగతిని పదవతరగతితో చదువు చాలించిన నా మేనల్లుడు పట్టుకొనెను. విష్ణుచిత్తుని మడతపేజీ నా అలమరలోనున్నను, వంట వానికి తెలిసినది.

తిరుగు ప్రయాణమున బస్సులో వాడే ఒక కాగితముమీద గీయసాగెను. పడమటి గాజు పోయినది. ఆ వైపున మెట్లు, స్నానపుగదులు, మందపు రాతిగోడ వచ్చినవి. ఎండను మోయవలసినవి అవియే గాని పడకలు కావని వాని వాదము. గదులు ఉత్తర దక్షిణములకు తిరిగినవి. వాని ముందర ఆరడుగుల పంచ. కిటికీలకు కొయ్యపలకల తలుపులు, పగలు మూయుటకును రాత్రి తెరచుటకును వీలైనవి. కప్పుమీద రెండవ కప్పు. విద్యుత్తు యంత్రములు ఉండును, గాని అవి ఆగిననాడు మనిషి ఆగిపోడు. ఇన్నియు చేర్చుసరికి 4 అంతస్తులు రెండైనవి, 30 గదులు 18 అయినవి.

అక్కడ చిక్కు. వాడి తల్లి, అనగా మా అక్క, లెక్క అడిగినది. "పన్నెండు గదులు తగ్గితే అప్పెట్లా తీరుతుందిరా తమ్ముడూ? నీ చరిత్ర తీరుస్తుందా?" అని నన్నే అడిగినది. నేను గాజుగోడకగు ఖర్చు, దానిని చల్లబరచు యంత్రముల ఖర్చు, నెలనెల విద్యుత్తు బిల్లు కూడి చూపితిని. ఆమె సగము నమ్మినది. తనఖాపత్రముమీద వ్రేలు పెట్టవలసినది ఆమె గనుక పూర్తిగా నమ్మవలసిన పని లేదు.

పటము గీచినవారికి క్రొత్త కాగితము పంపగా, ఇట్టి ముఖమున్నచో బాటమీద పోవువారికి హోటలువలె కనబడదని జాబు వచ్చినది. మేనల్లుడు దానిని చదివి మడిచి జేబులో పెట్టుకొనెను. గడచిన వారము ఉదయగిరి పోయి, గరిటెలు చెక్కు ఒక పెద్దాయనను, కిటికీకి ఇన్ని అడుగుల కొయ్యపలకలు త్రిప్పుటకు వీలుగా చేయించిన ఎంత యగునో అడిగి వచ్చెను. ఆయన ఇంత పెద్ద పని తాను ఎన్నడును చేయలేదని, అయినను ఒక్క కిటికీ చేసి చూపెదనని చెప్పినాడట. వైశాఖము వచ్చులోపల ఆ కిటికీని మా ఇంటి దక్షిణపు గదికి బిగించి చూతుమని అనుకొనుచున్నాము. హోటలునకు పేరు నేనింకను పెట్టలేదు.